జీతం ఆగిన ఇంట్లో చలికాలం: ఈఎస్‌ఐ భృతి, గృహజ్యోతి జీరో బిల్లు ఎంతవరకు ఆదుకుంటాయి

హైదరాబాద్‌లో ఉద్యోగం పోయినవాళ్లు ముందు అడిగేది, "నిరుద్యోగ భృతి ఏమన్నా వస్తుందా?" అని. తెలంగాణలో నెలనెలా చేతికి డబ్బిచ్చే రాష్ట్ర భృతి అమల్లో లేదు. 2018 ఎన్నికల మేనిఫెస్టోలో టీఆర్‌ఎస్ వాళ్లు 3,016 రూపాయలన్నారు, 2023లో సరూర్‌నగర్ యువ డిక్లరేషన్‌లో కాంగ్రెస్ వాళ్లు 4,000 అన్నారు. 2025లో వచ్చిన రాజీవ్ యువ వికాసం సొంతంగా ఏదైనా పెట్టుకునేవాళ్లకు ఇచ్చే సబ్సిడీ రుణం, భృతి కాదు. వాట్సాప్‌లో తిరిగే "ప్రధానమంత్రి బేరోజ్‌గారీ భత్తా, నెలకు 3,500" లింకు బూటకమని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఎప్పుడో తేల్చేసింది. అయినా ప్రతి సీజన్‌లో కొత్త పోస్టర్‌తో మళ్లీ వస్తుంది. నొక్కకండి.

మరి నిజంగా పనికొచ్చేవి ఏవి? చేతికి డబ్బు వచ్చేది ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) వాళ్ల అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన. జేబులోంచి పోకుండా ఆపేది రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల ఉచిత కరెంటు. రెండూ మంచివే, రెండింటికీ ఒక్కో గీత ఉంది. మొదటిదానికి 78 రోజులు, రెండోదానికి 200 యూనిట్లు. గీతకు అవతల పడితే "కొంచెమే కదా" అనే మాట ఎక్కడా చెల్లదు. చలికాలంలో రెండో గీత దాటించేది ఏసీ కాదు, టీవీ కాదు, బాత్రూంలో గోడకు వేలాడే గీజరు.

ఈఎస్‌ఐ భృతి: 5కి 3

జీతం స్లిప్పులో ఈఎస్‌ఐ కటింగ్ ఉన్నవాళ్లకే ఇది. నెల జీతం 21,000 దాటనివాళ్లు ఈఎస్‌ఐ పరిధిలోకి వస్తారు. మీ జీతం నుంచి 0.75 శాతం, కంపెనీ నుంచి 3.25 శాతం చందాగా వెళ్తుంది. హైటెక్ సిటీలో లక్షల ప్యాకేజీ ఉన్న సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది వర్తించదు. అదే బిల్డింగ్‌లో పనిచేసే సెక్యూరిటీ గార్డు, హౌస్‌కీపింగ్, క్యాంటీన్, డేటా ఎంట్రీ వాళ్లకు వర్తిస్తుంది. జీడిమెట్ల, చర్లపల్లి, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో చాలామంది పరిధిలోనే ఉంటారు. ఉండీ తెలియనివాళ్లే ఎక్కువ.

పథకం 2018 జులై 1న మొదలైంది. అప్పుడు సగటు రోజు కూలీలో 25 శాతం ఇచ్చేవారు, 2020 మార్చి 24 నుంచి 50 శాతం చేశారు. ఇచ్చేది 90 రోజులకు మించకుండా, అదీ జీవితంలో ఒక్కసారే. కాలపరిమితి పెట్టి విడతలవారీగా పొడిగిస్తూ వస్తున్న పథకం కాబట్టి, దరఖాస్తు రోజున అమల్లో ఉందో లేదో పోర్టల్‌లో చూసుకోండి.

అర్హతకు కనీసం రెండేళ్లు బీమా పరిధిలో పనిచేసి ఉండాలి. ఆ తర్వాత వచ్చేదే 78 రోజుల లెక్క. ఈఎస్‌ఐలో ఏడాదిని రెండు చందా కాలాలుగా చూస్తారు, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి. ఉద్యోగం పోవడానికి ముందున్న చందా కాలంలో 78 రోజులకు చందా కట్టి ఉండాలి. దానికి ముందు మిగిలిన మూడు కాలాల్లో ఏదో ఒకదాంట్లో మరో 78 రోజులు ఉండాలి. ఇవి మీరు డ్యూటీ చేసిన రోజులు కావు, కంపెనీ పోర్టల్‌లో చూపించిన రోజులు. కాంట్రాక్టర్ నెలకు 26 రోజులు పని చేయించుకుని 12 రోజులు చూపిస్తే లెక్కలోకి వచ్చేది 12. అందుకే ఉద్యోగంలో ఉండగానే ఈఎస్‌ఐ పోర్టల్‌లోకి ఇన్సూరెన్స్ నంబరుతో లాగిన్ అయి, కాంట్రిబ్యూషన్ హిస్టరీ తెరిచి, నెలనెలా రోజుల సంఖ్య చూసుకోవడం మంచిది. పోయాక చూసి లాభం తక్కువ.

డబ్బు ఎంతొస్తుందో ఉజ్జాయింపుగా ఇంట్లోనే లెక్కేసుకోవచ్చు. నాలుగు చందా కాలాల్లో, అంటే రెండేళ్లలో వచ్చిన మొత్తం జీతాన్ని 730తో భాగిస్తారు. దాంట్లో సగం మీ రోజు భృతి. నెలకు 18,000 చొప్పున రెండేళ్లూ ఆగకుండా చేసినవాళ్లకు మొత్తం 4,32,000. 730తో భాగిస్తే రోజుకు 592 దరిదాపు, దాంట్లో సగం 296. 90 రోజులకు 26,600 పైచిలుకు. మధ్యలో ఆరు నెలలు ఖాళీగా ఉన్నా భాగించేది 730తోనే, కాబట్టి ఆ మేరకు తగ్గిపోతుంది. "సగం జీతం ఇస్తారట" అని బయట వినిపించే మాటకీ ఖాతాలో పడేదానికీ తేడా వచ్చేది ఇక్కడే.

ఉద్యోగం పోయిన 30 రోజుల తర్వాత క్లెయిము వేయొచ్చు. ఖాళీగా గడిచిన కాలానికే ఇస్తారు, రాబోయే నెలకు ముందుగా ఇవ్వరు. పోర్టల్‌లో లాగిన్ అయ్యాక ఏబీ-1 ఫారం నింపాలి, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ లేదా క్యాన్సిల్ చేసిన చెక్కు స్కాన్ చేసి పెట్టాలి. మొదట్లో స్టాంపు పేపరు మీద అఫిడవిట్ అడిగేవారు, 2020లో తీసేశారు. ఇంకా దాని పేరు చెప్పి నోటరీకి డబ్బులు లాగే జెరాక్స్ షాపులు ఉన్నాయి. అప్పట్లో యజమాని సంతకంతో పంపించాల్సి వచ్చేది, ఇప్పుడు నేరుగా మీరే బ్రాంచి ఆఫీసుకు పెట్టుకోవచ్చు. పాత కంపెనీ చుట్టూ తిరగనక్కర్లేకపోవడం ఈ పథకంలో వచ్చిన అసలు మెరుగుదల. కాగితాల్లో తేడా లేకపోతే డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది.

తేడాలు ఎక్కడ వస్తాయి? ముందుగా పేరు. ఈఎస్‌ఐలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, బ్యాంకులో ఇంటిపేరు చివర్న. మన దగ్గర ఇది మామూలే కానీ వెరిఫికేషన్‌లో క్లెయిము ఆగేది దీనివల్లే. రెండోది, ఒకే మనిషికి రెండు ఇన్సూరెన్స్ నంబర్లు. ఏజెన్సీ మారినప్పుడల్లా పాత నంబరు అడగకుండా కొత్తది తీసే కాంట్రాక్టర్లు ఉన్నారు. చందా రెండు నంబర్ల మధ్య చీలిపోయి దేంట్లోనూ లెక్క తగలదు. కొత్త చోట చేరిన మొదటి రోజే పాత నంబరు ఇవ్వండి. ఇప్పటికే రెండుంటే బ్రాంచి ఆఫీసులో రెండూ చూపించి కలపమని అడగాలి. క్లెయిము వేశాక కాదు, ముందే.

మూడోది అన్నింటికన్నా మెలిక ఉన్నది. మిమ్మల్ని ఎందుకు తీసేశారన్నది కంపెనీ నెలవారీ చందా దాఖలు చేసేటప్పుడు ఒక కారణంగా ఎంచుతుంది. రిట్రెంచ్‌మెంట్ (పని లేదని కంపెనీయే తీసేయడం) అనీ ఉంటుంది, లెఫ్ట్ సర్వీస్ (ఉద్యోగి మానేయడం) అనీ ఉంటుంది. దుష్ప్రవర్తనకు శిక్షగా పోయినా, రిటైరైనా, స్వచ్ఛంద విరమణ తీసుకున్నా పథకం వర్తించదు. హెచ్‌ఆర్ వాళ్లు "రిజైన్ చేసినట్టు ఒక మెయిల్ పెట్టండి, సెటిల్మెంట్ తొందరగా అవుతుంది" అంటారు. ఆ ఒక్క మెయిలు మీ క్లెయిము మీద అనుమానం రేపడానికి చాలు. తీసేస్తున్నామని వాళ్లనే రాసివ్వమనండి.

భృతి వచ్చే కాలంలో మీకూ కుటుంబానికీ ఈఎస్‌ఐ వైద్యం కొనసాగుతుంది. ఇంట్లో డయాలసిస్సో గుండె మందులో నడుస్తున్నవాళ్లకు 26,000 కన్నా ఇదే పెద్ద సాయం. సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రి కార్డు ఆగిపోతుందని భయపడేవాళ్లు ముందు ఈ సంగతి బ్రాంచిలో అడగాలి.

ఇంకొకటి ఉంది, దీనికన్నా చాలా పెద్దది, దీనికన్నా తక్కువమందికి తెలిసింది. 2005 నుంచి నడుస్తున్న రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన. ఫ్యాక్టరీ మూతపడినా, చట్టప్రకారం రిట్రెంచ్ చేసినా, పనితో సంబంధం లేని గాయం వల్ల 40 శాతానికి తగ్గకుండా శాశ్వత వైకల్యం వచ్చినా ఇది వర్తిస్తుంది. మొదటి 12 నెలలు రోజు కూలీలో సగం, ఆ తర్వాతి 12 నెలలు పావు. అంటే మొత్తం 24 నెలలు. మూతపడిన యూనిట్లో పనిచేసి 90 రోజుల పథకానికి దరఖాస్తు పెట్టుకుంటున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగి, తమకు వర్తించేది ఏదో ఆదర్శనగర్ హిల్‌ఫోర్ట్ రోడ్డులోని ప్రాంతీయ కార్యాలయంలోనో, దగ్గరి బ్రాంచిలోనో తేల్చుకోవాలి. ఒకే నిరుద్యోగానికి రెండు పథకాల డబ్బూ తీసుకునే వీలుండదు.

3 మార్కులే ఎందుకంటే, పథకం బాగుంది, మొత్తం సరిపోదు. హైదరాబాద్‌లో రెండు గదుల ఇంటి అద్దె కడితే రోజుకు 296లో మిగిలేది కూరగాయల డబ్బులు. అందుకే ఖర్చు వైపు చూడాల్సి వస్తుంది.

గృహజ్యోతి: 5కి 4, షరతులతో

2024 మార్చి బిల్లుల నుంచి జీరో బిల్లు మొదలైంది. తెల్ల రేషన్ కార్డు, దానికి అనుసంధానమైన ఆధార్, ఇంటి కేటగిరీ మీటరు ఉండి నెలకు 200 యూనిట్లకు లోబడితే కట్టాల్సింది సున్నా. మీటర్ రీడర్ చేతి మిషన్లోంచి వచ్చే చీటీలో మామూలు బిల్లులాగే ఎనర్జీ ఛార్జీలు, ఫిక్స్‌డ్ ఛార్జీలు, కస్టమర్ ఛార్జీలు అన్నీ అచ్చవుతాయి. కింద సబ్సిడీ పేరుతో అంతా తీసేసి చివర్న సున్నా చూపిస్తుంది. ఆ సబ్సిడీ వరుస లేకుండా బిల్లు వచ్చిందంటే మీ సర్వీసు నంబరు పథకానికి ఎక్కలేదని అర్థం.

అద్దెకుండేవాళ్లకూ వస్తుంది. మీరుంటున్న పోర్షన్ మీటరు నంబరు మీ రేషన్ కార్డుకు ఎక్కాలి, అంతే. ఇల్లు మారితే మాత్రం ఎక్కించింది పాత ఇంటి నంబరే కాబట్టి కొత్త ఇంట్లో జీరో బిల్లు దానంతటది రాదు. రేషన్ కార్డు, ఆధార్, కొత్త ఇంటి బిల్లు పట్టుకుని జీహెచ్‌ఎంసీ సర్కిల్ ఆఫీసులోని ప్రజాపాలన సేవా కేంద్రంలో మార్పు చేయించుకోవాలి. 2025లో కొత్త రేషన్ కార్డు వచ్చినవాళ్లు కూడా, కార్డు వచ్చింది కాబట్టి కరెంటు బిల్లూ ఆగిపోతుందనుకోవద్దు, విడిగా దరఖాస్తు పెట్టాలి. బిల్లు మీద రెండు నంబర్లుంటాయి. సర్వీస్ నంబరు ఒకటి, యూఎస్‌సీ (మీ కనెక్షన్‌కు మాత్రమే ఉండే ప్రత్యేక నంబరు) ఒకటి. దరఖాస్తులో రాయాల్సింది యూఎస్‌సీ. ఇక్కడ ఒక అంకె తప్పితే పక్కింటివాళ్లకు జీరో బిల్లు వస్తుంది, మీకు మామూలు బిల్లు వస్తుంది. నవ్వకండి, దిద్దించుకోవడానికి కౌంటర్ దగ్గర క్యూలో నిలబడేవాళ్లలో ఈ బాపతు ఎప్పుడూ ఉంటారు.

ఇంట్లో రెండు మీటర్లుంటే ఒక కార్డుకు ఒక మీటరే. పాత బకాయి ఉంటే ముందు అది కట్టేసి దరఖాస్తుకు వెళ్లండి. యూట్యూబ్‌లో "గత ఏడాది సగటు మీద పది శాతం వరకే ఉచితం" అని చెప్పే వీడియోలు కర్ణాటకవి. అక్కడి పథకం పేరూ గృహజ్యోతే, నిబంధన వేరు. మన దగ్గర సగటుతో పని లేదు, 200 ఒక్కటే గీత.

ఆ గీత ఎంత పదునైనదో లెక్క చూడండి. నెలకు 101 నుంచి 200 యూనిట్లు వాడే ఇంటికి మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. సరిగ్గా 200 వాడితే ఎనర్జీ ఛార్జీ 820. అదే 201 అయితే స్లాబు మొత్తం మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకూ 5.10 పడుతుంది, ఆపైన 7.70. అంటే 1,027.70. పథకం లేని ఇంటికే ఒక్క యూనిట్‌కి 207 రూపాయల తేడా. పథకం ఉన్న ఇంటికి 200 దగ్గర సున్నా, 201 దగ్గర 1,027.70, దాని మీద ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, యూనిట్‌కి 6 పైసల సుంకం. ఈఎస్‌ఐ భృతిలో దాదాపు నాలుగు రోజుల డబ్బు ఒక్క యూనిట్‌కి పోతుంది. "అన్నా, రెండు యూనిట్లు తక్కువ కొట్టు" అని మీటర్ రీడర్‌ని బతిమాలి లాభం లేదు, తగ్గించి రాసినా వచ్చే నెల మీదికి అదే ఎక్కుతుంది.

మార్కు తగ్గించింది కూడా ఇందుకే. 200 దాటిన యూనిట్లకే డబ్బు కట్టించుకునేలా ఉంటే పథకం పేదింటికి ఇంకా నమ్మకంగా ఉండేది.

గీజరు దగ్గర అసలు కథ

హైదరాబాద్‌లో రూమ్ హీటరు అవసరమయ్యే ఇళ్లు తక్కువ. పసిపిల్లలో, మంచంపట్టిన పెద్దవాళ్లో ఉన్న ఇంట్లో డిసెంబరు, జనవరిలో బయటికి తీస్తారు. రెండు రాడ్ల 2,000 వాట్ల హీటరు రోజుకు రెండు గంటలు వేస్తే నెలకు 120 యూనిట్లు. అది పెట్టుకుంటే జీరో బిల్లు మీద ఆశ వదులుకోవాల్సిందే. తలుపు కింద సందుకు గుడ్డ అడ్డం పెట్టి, ఒక్క రాడ్డే, పడుకునే ముందు అరగంట వేసి ఆపేస్తే నెలకు 15 యూనిట్లలో అయిపోతుంది.

అందరిళ్లలో పెరిగే ఖర్చు వేడినీళ్లది. జనవరి పొద్దున ట్యాంకు నీళ్లు 20 డిగ్రీల దగ్గరుంటాయి, స్నానానికి 40 కావాలి. 20 లీటర్ల బకెట్‌ను అంత వేడి చేయడానికి 0.46 యూనిట్ కావాలి. ఇది భౌతికశాస్త్రం, ఏ కంపెనీ గీజరు కొన్నా తగ్గదు. నలుగురికి నాలుగు బకెట్లు, నెలకు 56 యూనిట్లు.

మిగతా ఇల్లు చూద్దాం. ఫ్రిజ్ 25 నుంచి 30. మూడు పాత ఫ్యాన్లు 75 వాట్లవి, రోజుకు పది గంటలు తిరిగితే 67. లైట్లు, టీవీ, మిక్సీ, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ కలిపి 30. మొత్తం అటూ ఇటూగా 125. గీజరు 56 కలిపితే 181. గీతకు లోపలే ఉన్నాం. మరి ఎందుకు దాటుతోంది? స్విచ్చి రోజంతా వేసి ఉంచడం వల్ల. ట్యాంకు ఉన్న గీజరు వాడకపోయినా నీళ్లు చల్లారుతూనే ఉంటాయి, థర్మోస్టాట్ (వేడిని అదుపు చేసే స్విచ్చి) మళ్లీ మళ్లీ వెలిగించి వేడి చేస్తూనే ఉంటుంది. పాత 15 లీటర్ల గీజరు ఇలా రోజుకు ముప్పాతిక నుంచి ఒక యూనిట్ ఊరికే తాగేస్తుంది. నెలకు 22 నుంచి 30. 181 కాస్తా 203, 211 అవుతుంది. వెయ్యి రూపాయల బిల్లు రావడానికి మీరు ఒక్క చెంబు నీళ్లు అదనంగా వాడనక్కర్లేదు.

కాబట్టి చేయాల్సింది, వేయడానికీ స్నానానికీ మధ్య వ్యవధి లేకుండా చూడటం. 2,000 వాట్ల 15 లీటర్ల గీజరు 20 నుంచి 60 డిగ్రీలకు రావడానికి 21 నిమిషాలు. ఆ నీళ్లలో అంతే చన్నీళ్లు కలిపితే 30 లీటర్ల గోరువెచ్చని నీళ్లు, అంటే బకెటున్నర. ఇంట్లోవాళ్లంతా వరసగా, ఒకరి వెనక ఒకరు చేసేస్తే మధ్యలో చల్లారేది ఉండదు. ఆరింటికి ఒకరు, తొమ్మిదింటికి ఒకరు అయితే రెండుసార్లు వేయండి, మధ్యలో ఆపేయండి. థర్మోస్టాట్ నాబ్ చాలా గీజర్లకు బయటే ఉంటుంది, 50 దగ్గర పెట్టండి. నాబ్ లోపలుంటే మెకానిక్‌తో తిప్పించండి, మూత తీసేముందు ఎంసీబీ (బోర్డులోని కరెంటు ఆపే స్విచ్చి) దించాలి.

బోరు నీళ్ల ఇళ్లకు ఇంకో తలనొప్పి, సున్నం. ఎలిమెంట్ చుట్టూ తెల్లగా పెంకు కడుతుంది. ఆ పెంకు లోపల ఎలిమెంట్ మరీ వేడెక్కి చీలుతుంది, చీలిన చోటునుంచి కరెంటు నీళ్లలోకీ ఎర్తుకూ పోతుంది. షాక్ కొట్టడం, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చి) పడిపోవడం, అది లేని ఇంట్లో మీటరు ఊరికే తిరగడం దీని గుర్తులు. బోరు నీళ్లయితే ఏడాదికోసారి విప్పించి సున్నం గీకించాలి, పక్కనే ఉండే మెగ్నీషియం రాడ్ కరిగిపోయి ఉంటే మార్చాలి. కోఠి ట్రూప్ బజార్‌లో ఎలిమెంట్, గ్యాస్కెట్, థర్మోస్టాట్ విడిగా దొరుకుతాయి. పాతవి విప్పి చేతిలో పట్టుకుని వెళ్లండి, ఫ్లాంజ్ రంధ్రాల మధ్య దూరం కలవకపోతే ఇంటికొచ్చాక పనికిరాదు.

మీటరు ఇదంతా చెబుతుంది. ముందు ప్యానెల్ మీద ఎర్ర బొట్టు లైటు మెరుస్తుంటుంది, పక్కన 3200 అనో 1600 అనో రాసుంటుంది. 3200 అయితే 3200 మెరుపులకు ఒక యూనిట్. ఇంట్లో అన్నీ ఆపేసి 2,000 వాట్ల గీజరు ఒక్కటే వేస్తే నిమిషానికి దాదాపు 107 సార్లు మెరవాలి. ఇప్పుడు దాన్నీ ఆపి, ఇంటి మెయిన్ ఎంసీబీ దించండి. ఇంకా మెరుస్తోందంటే మీ మీటరు అవతలినుంచి ఎవరికో లైను వెళ్తోంది, పై పోర్షన్ మోటారో, మెట్ల లైట్లో. అద్దె ఇళ్లలో ఇది చూడకుండా గీజరును తిట్టి లాభం లేదు.

ఇమ్మర్షన్ రాడ్ మీద నాకు పెద్ద ప్రేమ లేదు, కానీ లెక్క ఒప్పుకోవాలి. ట్యాంకు నష్టం లేదు, ఒక బకెట్ కావాలంటే ఒక బకెటే వేడవుతుంది. 1,500 వాట్ల రాడ్‌కు 20 లీటర్లకు 18 నుంచి 20 నిమిషాలు. ఐఎస్ 368 ముద్ర ఉన్నదే కొనండి. ప్లాస్టిక్ బకెట్‌లోనే పెట్టాలి, రాడ్ మీద గీసిన నీటి గీత వరకు మునగాలి, ఆపి ప్లగ్గు పీకాకే నీళ్లు ముట్టుకోవాలి. 1,500 వాట్లంటే ఆరున్నర ఆంప్స్. మొబైల్ ఛార్జర్ పెట్టే 6 ఆంప్స్ సాకెట్లో పెడితే సాకెట్ కరుగుతుంది, 16 ఆంప్స్‌దే వాడాలి. పిల్లలున్న ఇంట్లో, ఎర్తింగ్ లేని ఇంట్లో వద్దే వద్దు.

3,000 వాట్ల ఇన్‌స్టంట్ గీజరు చన్నీళ్లను 20 డిగ్రీలు పెంచి నిమిషానికి రెండు లీటర్లే ఇస్తుంది, బకెట్ నిండటానికి తొమ్మిది, పది నిమిషాలు. యూనిట్లు దాదాపు అంతే. పాత వైరింగ్ ఇళ్లకు అది మోయలేని లోడు.

నెలాఖరులో గీత దగ్గరికొస్తే

జీరో బిల్లు నిలబెట్టుకునేవాళ్లు చేసే పని ఇదే. బిల్లు మీద రీడింగ్ తేదీ, అంకె ఉంటాయి. ఆ అంకెకు 200 కలిపి మీటరు పక్కన గోడ మీద రాసిపెట్టండి. 24వ రోజు నాటికి 170 దాటితే రోజుకు ఏడేసి యూనిట్లు పడుతున్నాయన్నమాట, 30కి 212. ఆ మిగిలిన ఆరు రోజులు నీళ్లు గ్యాస్ మీద కాచుకోండి. ఫ్యాన్లూ ఆపేయండి, జనవరిలో దోమలకు తప్ప ఫ్యాను పనేముంది.

గ్యాస్ లెక్క ఇలా ఉంటుంది. మామూలు స్టవ్వు మీద ఒక బకెట్ నీళ్లకు 60 గ్రాములు. 14.2 కిలోల సిలిండర్‌కు 230 బకెట్లకు పైనే. సిలిండర్ 900 అనుకుంటే బకెట్‌కు నాలుగు రూపాయలకు కాస్త తక్కువ. మహాలక్ష్మి పథకం కింద 500కు పడే ఇంట్లో రెండు రూపాయల పైచిలుకు. ఆరు రోజులకు 24 బకెట్లు, కిలోన్నర గ్యాస్, పూర్తి ధరకైనా వంద రూపాయలు దాటదు. దానితో ఆగేది వెయ్యి రూపాయల బిల్లు. అలాగని నెలంతా గ్యాస్ మీద కాచుకోవడం తెలివి కాదు. 200 లోపు కరెంటు మీకు ఉచితం, గ్యాస్ కాదు. పైగా 500 ధర ఎన్ని సిలిండర్లకు వర్తించేదీ గత మూడేళ్ల మీ సగటు వాడకాన్ని బట్టి లెక్కిస్తారు, బుకింగ్ రోజున కట్టేది పూర్తి ధరే, సబ్సిడీ తర్వాత ఖాతాలో పడుతుంది. చేతిలో డబ్బులేని నెలలో ఈ ఆలస్యం కూడా లెక్కే.

గ్యాస్ గీజరు బాత్రూం లోపల పెట్టించుకునేవాళ్లకు ఒక్కమాట. కిటికీ మూసిన చిన్న గదిలో మంట మండితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, వాసన ఉండదు, మనిషి పడిపోయేదాకా తెలియదు. పెడితే బయట బాల్కనీలో, పైపు లోపలికి.

రీడర్ ఆలస్యంగా వచ్చినా గీత దాటొచ్చు. బిల్లులో పోయిన రీడింగ్ తేదీ, ఈ రీడింగ్ తేదీ రెండూ చూసి ఎన్ని రోజుల బిల్లో లెక్కపెట్టండి. రోజుకు ఆరున్నర వాడే ఇంటికి నాలుగు రోజులు లేటైతే 26 యూనిట్లు కలుస్తాయి. 33, 34 రోజులకు తీసిన రీడింగ్‌తో 200 దాటి జీరో బిల్లు పోతే, బిల్లు కట్టే ముందే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, పాత బిల్లూ కొత్త బిల్లూ జత చేసి మీ ఈఆర్‌ఓ (కరెంటు బిల్లుల రెవెన్యూ కార్యాలయం) ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. అక్కడ తేలకపోతే సీజీఆర్‌ఎఫ్ (వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక), ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్. మీటరు డిస్‌ప్లే మీద అంకె, తేదీ కనపడేలా ప్రతి నెలా ఒక ఫోటో తీసి పెట్టుకున్నవాళ్ల ఫిర్యాదును కొట్టిపారేయడం కష్టం.